చామంతి తోటకీ, దాని అభ్యంతరానికీ వారసులెవరంటే

నా తర్వాత నా ఇల్లు, నా తోట, నా సామాను, నా మాట ఎవరెవరికి చెందాలో తేలుస్తూ, నా చేత్తో నేనే రాసుకుంటున్న ఆఖరి వీలునామా ఇది. దీనికి ముందు రాసింది ఎక్కడైనా బయటపడితే అది చెల్లదు. ఒకటి రాసిన మాట నిజం. అందులో సమస్తమూ మా ఆవిడ పేర పెట్టాను. ఆవిడ నాకంటే ముందు వెళ్ళిపోయి దాన్ని చిత్తు కాగితం చేసింది. నా మాట ఆవిడ దాటడం అదే మొదటిసారి అని రాద్దామనుకున్నాను గానీ, సాక్షి సంతకం పెట్టాల్సిన వాళ్ళలో ఒకరు ఆవిడని ఎరుగుదురు.

"పూర్తి స్పృహతో, స్థిరమైన బుద్ధితో, ఎవరి ఒత్తిడీ ఎవరి ప్రలోభమూ లేకుండా" అని రాయాలట. ఒక్కొక్కటీ చెబుతాను. స్పృహ, బుద్ధి: వీధి చివరి ఆస్పత్రి డాక్టరు గారు నా ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నారు. "ఊపిరితిత్తులకి నేను పూచీ పడను పెద్దాయనా, బుర్రకి మాత్రం ఎంత కావాలంటే అంత రాసిస్తా" అన్నారు. రాసిచ్చారు, జతపరిచాను. ఒత్తిడి: లేదు. ఒత్తిడి చేయడానికైనా ఇంట్లో ఇంకో మనిషి ఉండాలి కదా. ప్రలోభం: ఉంది. పక్కనున్న కరెంటు ప్లాంటువాళ్ళ కారు అప్పుడప్పుడూ వచ్చి గేటు దగ్గర ఆగుతూనే ఉంది. లొంగలేదు అని మాత్రం చదువుకోవలసినది.

నేను చామంతి రైతుని. బడిలో నేర్చింది తక్కువ. ఎరువు బస్తాల మీది అక్షరాలతో మొదలుపెట్టి, పాత పుస్తకాల కొట్టులో అట్ట ఊడిన చట్టాల పుస్తకం దాకా నా అంతట నేనే వచ్చాను. వకీలు గారు తానే రాసిస్తానని ఒక నమూనా చూపించారు. అందులో ఆస్తి ఎంత ఉందో తెలుస్తుంది గానీ, పోయినవాడు ఎవడో తెలుసుకోవడానికి ఎక్కడా వీల్లేదు. అందుకని చట్టం అడిగిన మాటలన్నీ ఆయన నమూనాలోంచి తీసుకుని, మిగతావి నావి పెట్టాను. కలగాపులగమైందని ఆయన అన్నారు. కావచ్చు. విడదీసి చదువుకునే తీరిక నా వారసులకు దొరకాలని కోరుకుంటున్నాను.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత బస్సులు ఆగేచోట కుట్టు మిషను పెట్టుకున్న టైలరు గారికి అప్పగిస్తున్నాను. ఆయన కొలవకుండా కత్తిరించడు, కత్తిరించాక నాలుక కరుచుకోడు. ఆస్తులు పంచేవాడికి ఇంతకంటే అర్హత ఏముంటుంది? ఈ శ్రమకు గాను ఆయనకు నా గోడ గడియారం చెందుతుంది. అది ఎప్పుడూ ఆలస్యంగానే నడుస్తుంది. ఆయన కూడా చెప్పిన రోజుకి బట్టలు కుట్టి ఇచ్చిన పాపాన పోలేదు గనక ఇద్దరికీ కుదురుతుంది.

2. నా తమ్ముడికి, పంపు షెడ్డు ముందున్న చెక్క బల్ల.

పుండు ఉన్నచోటే కట్టు మొదలవ్వాలి గనక వాడితో మొదలుపెడుతున్నాను. ఈ తోటకి ఏం జరిగిందో తెలియకుండా తర్వాతి ఖండికలు చదివితే ముసలాడికి మతి పోయిందనుకుంటారు, డాక్టరు గారి కాగితం దండగవుతుంది. కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

మా తోటల పక్కన గ్యాసుతో కరెంటు తీసే ప్లాంటు వస్తోందన్నప్పుడు దాని మేనేజరు గారు మమ్మల్ని కూర్చోబెట్టి, "ఇది బొగ్గు కాదండీ. పొగ ఉండదు, మసి ఉండదు" అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదని ఈ పత్రం ద్వారా ధ్రువీకరిస్తున్నాను. పొగ రాలేదు. మసి రాలేదు. దీపాలు వచ్చాయి. గోడ పొడవునా స్తంభాలు, స్తంభానికొక గుత్తి దీపాలు. పొద్దు గూకగానే మా తోటల్లో మళ్ళీ పొద్దు పొడిచేది.

ఆ ఏడు మా మొక్కలు ఎదిగినట్టు ఎన్నడూ ఎదగలేదు. చామంతి మోకాలు దాటితేనే గొప్ప. అలాంటిది నడుం దాకా వచ్చింది. ఆకు దళసరిగా, నిగనిగలాడుతూ, చూస్తే కళ్ళు చల్లబడేటట్టు. ఊళ్ళో పూల రైతులందరం మురిసిపోయాం. "గ్యాసులోనే ఏదో సత్తువ ఉంది" అన్నాడొకడు. "వెచ్చదనానికి వేరు ఉరకలేస్తోంది" అన్నాడింకొకడు. మా తమ్ముడైతే ఆ చెక్క బల్ల మీదే కూర్చుని, "ఇక ఎరువు దండగ అన్నయ్యా, గోడ పక్కన నాటితే చాలు, అదే పెరుగుద్ది" అన్నాడు. అందరూ కలిసి మేనేజరు గారిని పిలిచి సభ పెట్టారు. మా వాడే మైకు పట్టుకుని, "మీరొచ్చాక మా మొక్కలు పుట్టి బుద్ధెరిగాక ఎదగనంత ఎదిగాయి సార్" అన్నాడు. ఆ మాటే కాగితం మీద పెట్టి, వరసగా సంతకాలు చేసి, మేనేజరు గారి చేతికిచ్చి ఫోటో దిగారు.

నేను చేయలేదు. ఇందులో నా దూరదృష్టి ఏమీ లేదు, అంతా ఇంట్లో భయమే. మా ఆవిడ ఆ పొద్దున అంది: "మొగ్గ కనపడకుండా చప్పట్లేంటి? పొడుగు పెరిగినవాళ్ళంతా ప్రయోజకులవుతున్నారా?" అని నా వైపు చూసింది. నేను పొడగరిని.

మొగ్గ రాలేదు. ఒక్క తోటలోనూ రాలేదు. కోతల కాలం వచ్చేసరికి మా చేతిలో ఉన్నది పశువులు కూడా ముట్టని గడ్డి. వ్యవసాయ శాఖ నుంచి చిన్న వయసు ఆఫీసరమ్మ వచ్చి, మొక్కని చూసి, గోడని చూసి, ఒక్క మాటలో చెప్పేసింది: "రాత్రి ఎంత పొడుగుందో ఈ మొక్క చూసుకుంటుంది తాతగారూ. చీకటి చాలినంత లేకపోతే ఇంకా ఎదగాల్సిన రోజులే అనుకుంటుంది. మీ దీపాలు దాన్ని మోసం చేస్తున్నాయి." మా వాళ్ళు ఉరుకుల మీద కచేరీకి పోయి ఫిర్యాదు ఇచ్చారు. అక్కడి అధికారి సొరుగులోంచి ఆ కృతజ్ఞతల కాగితం తీసి బల్ల మీద పరిచి, "ఈ సంతకాలు మీవేనా?" అన్నారు. వాళ్ళవే. "పంట మీద ప్రభావం: అనుకూలం" అని అప్పటికే రికార్డుకి ఎక్కిపోయింది. ఎదగడం వేరు, పూయడం వేరు అని పూలు పెంచేవాడికి ఎవరూ నేర్పనక్కర్లేదు. కానీ ఆ కాగితం రాసిందే పూలు పెంచేవాళ్ళు. తన నోటితో తాను మెచ్చుకున్నదాన్ని మళ్ళీ తిట్టడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఒక్కొక్కరే అమ్ముకుని వెళ్ళిపోయారు.

తమ్ముడూ అమ్మాడు. అవసరం కంటే సిగ్గే ఎక్కువ తరిమిందని నా అనుమానం. పట్నంలో బాడుగ కొట్టు పెట్టుకున్నాడు. వాడి తోటలో ప్లాంటువాళ్ళు పెద్ద గుంట తవ్వారు. యంత్రాలు చల్లబరిచాక మిగిలే ఉప్పు నీళ్ళు దాన్లో వదులుతారు. అప్పటినుంచి వాడు ఇటు రాలేదు. వస్తే ఆ గుంట చూడాలి గదా.

ఆ బల్ల సంగతి. మా నాన్న ఇద్దరు కూర్చునేటట్టు చేశాడు. కాళ్ళు అరిగిపోయి, ఒక చివర ఒకరే కూర్చుంటే రెండో చివర గాల్లోకి లేస్తుంది. అందుకని ఇన్నేళ్ళూ ఇద్దరం ఒక్కసారే కూర్చుని ఒక్కసారే లేచేవాళ్ళం. ఒకడికి లేవాలనిపిస్తే రెండోవాడి మోకాలు తట్టేవాడు. ఇప్పుడు నేను మధ్యలో కూర్చుంటున్నాను. వాడు కూడా మధ్యలో కూర్చోవలసినది. మైకులో మాట్లాడిన మాట గురించి నాకు ఏ పట్టింపూ లేదు. ఈ సంగతి బల్లతో పాటు వాడికి అందజేయవలసిందిగా టైలరు గారిని కోరుతున్నాను.

3. నా మేనల్లుడికి, నల్ల దుప్పట్లన్నీ.

చీకటి లేకపోతే చీకటి చేద్దాం అన్నది మా ఆవిడ. టైలరు గారు దళసరి నల్ల గుడ్డ కలిపి కుట్టి, మడి పొడవునా సరిపోయే దుప్పట్లు చేశారు. సాయంత్రం దీపాలు వెలగక ముందే మడి మీద కప్పాలి, పొద్దెక్కాక తీయాలి, మొగ్గ రంగు తేలేదాకా రోజూ. ప్లాంటు కూలీలు చూసి నాకు దుప్పటి తాత అని పేరు పెట్టారు. "తాతా, జోల కూడా పాడతావా?" అని గోడ మీంచి అడిగేవాళ్ళు. పూసింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు మా ఒక్క తోటే పూసింది.

అయితే ఆ దుప్పటి ఒక్క మనిషి వల్ల కాదు. మడికి ఆ పక్క ఒకరు, ఈ పక్క ఒకరు నిలబడి, గుడ్డ మొక్కల తలలకు తగలకుండా ఎత్తి పట్టుకుని, ఒకరి నడకకు ఒకరు నడక కలిపి పోవాలి. ఒకరు తొందరపడితే గుడ్డ వాలి మొగ్గ తెగుతుంది. మా కాపురంలో మేము అడుగు కలిపి నడిచింది, చెప్పాలంటే, ఆ సాయంత్రాల్లోనే. మిగతా వేళల్లో ఆవిడ ముందు నడిచేది.

ఆవిడ పోయాక ఆ పక్క కొసను ఇనప మేకుకి కట్టి, నేనొక్కణ్ణే ఈ పక్క లాగి చూశాను. మేకు నడవదు. సగం మొగ్గలు రాలాయి. ఒకరోజు ప్లాంటు యూనిఫాంతో ఒకడు వచ్చి, ఆ కొస విప్పి పట్టుకున్నాడు. చూస్తే మా అక్క కొడుకు. ప్లాంటు కంట్రోల్ రూములో పని. "మావయ్యా, నువ్వు నన్ను తిట్టాలంటే నడుస్తూ తిట్టు, దీపాలు వెలిగే టైమైంది" అన్నాడు. తిట్టలేదు. అలా చాలా రోజులు వచ్చాడు. తర్వాత వాడికి రాత్రి డ్యూటీ వేశారు. కావాలని వేశారో, వంతు ప్రకారం వేశారో నాకు తెలియదు. తెలియనిదాన్ని పత్రంలో పెట్టను. వాడు ఎప్పుడైనా దారిలో ఎదురైతే కళ్ళ కింద నల్లగా, బుగ్గలు లోపలికి పోయి ఉంటున్నాడు. పగలు నిద్ర పట్టడం లేదట. కిటికీకి ఏం కట్టినా వెలుతురు వస్తూనే ఉందట.

కాబట్టి ఆ దుప్పట్లు వాడివి. కిటికీకి ఎన్ని మడతలు కావాలంటే అన్ని మడతలు వేసుకుని పడుకోవలసినది. గుడ్డ మంచిది. దానిలోంచి వెలుతురు రాదని చామంతులు సాక్ష్యం చెబుతాయి.

4. నా కూతురికి, నేనుంటున్న ఇల్లు, అందులోని సమస్త సామగ్రి, వాళ్ళమ్మ కత్తెర, వాళ్ళమ్మ తల్లిమొక్క ఉన్న కుండీ.

పొలం ఎందుకు ఇవ్వలేదని ఎవరైనా ముక్కు మీద వేలేసుకుంటారేమో, ఇక్కడే చెప్పేస్తాను. అమ్మాయి పట్నంలో పెద్దాస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. మనుషుల లోపల ఉన్నది ఉన్నట్టు చూడడం అలవాటై, మాట కూడా ఉన్నది ఉన్నట్టే అంటుంది. కిందటి నెల ఫోనులో, "నాన్నా, పొలం నాకు రాయకు. రాస్తే నేను అమ్మేస్తాను. ఇప్పుడే చెప్తున్నా, తర్వాత అనుకోకు" అంది. తర్వాత అనుకోవడానికి నేనుండను కదమ్మా అన్నాను. అవతల ఎవరో పేషెంటును పేరు పెట్టి పిలుస్తున్న గొంతు మాత్రం వినపడింది. తర్వాత, "భోంచేశావా?" అంది. చేశానన్నాను. ఇంత నిజం చెప్పే పిల్ల చేతిలో ఆ తోట పెట్టి, అమ్మేది లేదని అబద్ధం ఆడమని ఎలా అడగను? తప్పు పట్టడం లేదు. ఈ వాక్యం రెండుసార్లు చదువుకోవలసినది, అమ్మాయీ.

ఇంట్లో వంటగది కిటికీ రెక్క బిగుసుకుంటుంది. కింద నుంచి కాదు, పక్క నుంచి తట్టాలి. మీ అమ్మ మంచం పక్క గోడకి దిండు ఆనిన మరక ఉంది. సున్నం వేయించాలనుకుని ఎప్పటికప్పుడు వాయిదా వేశాను. నువ్వు వేయించుకో, నాకేం అభ్యంతరం లేదు.

తల్లిమొక్క గురించి. ఏటా కొమ్మలు తుంచి నాటుకోవడానికి ఉంచే మొక్కని అలా అంటాం. ఇది మీ అమ్మ ఒక్కదానికే నచ్చిన రకం. పువ్వు తెలుపూ కాదు, పసుపూ కాదు, మధ్యలో కాస్త పచ్చ. "ఇదేంటమ్మా, పండకుండానే కోశారా?" అని మార్కెట్లో తిప్పి పంపేవాళ్ళు. అయినా ఏటా ఒక వరస నాటేది. నీ బాల్కనీకి ఎదురుగా వీధి దీపం ఉందని నాకు తెలుసు. పూసే కాలంలో సాయంత్రం ఆస్పత్రి నుంచి రాగానే కుండీ తీసి బట్టల అల్మారాలో పెట్టి తలుపు వేయి, పొద్దున తీసి బయట పెట్టు. మరిచిపోయావా, పూయదు, అంతే. చావదు. అది నీ మీద అలగదు.

5. పంపు షెడ్డులో పడుకునే పిల్లిని ఎవరికీ రాయడం లేదు. అది నాదని నేను ఏనాడూ అనలేదు, నేను దానివాణ్ణని అది కూడా అనలేదు. ఈమధ్య బల్ల మీద పక్కన వచ్చి కూర్చుంటోంది గానీ, దాని బరువుకి బల్ల తూకం కుదరదు.

6. ప్లాంటు మేనేజరు గారికి, మొగ్గ పట్టని ఒక చామంతి మొక్క, వేళ్ళతో సహా ఎండబెట్టి అట్టకి కుట్టి ఉంచింది. నడుం ఎత్తు ఉంటుంది. గదిలో గోడకి పెట్టుకుంటే అందంగానే ఉంటుంది. ఆయన మీద నాకు కోపం లేదు. కరెంటు నేనూ వాడుకున్నాను, నా పంపూ దాంతోనే తిరిగింది. నేనడిగింది ఒక్కటే. దీపాలకి పైన రేకు తొడుగులు వేసి వెలుతురు కిందికి మళ్ళించమన్నాను. ఆఫీసరమ్మ కూడా అదే రాసింది. "పైకి రాశామండీ" అన్నారు మేనేజరు గారు. పై అంటే ఎంత పైనో, ఆ కాగితం ఇంకా ఎక్కుతూనే ఉంది. ఆ తొడుగులు ఎప్పటికైనా వస్తే వేయించవలసినదిగా కోరడమైనది. నాకోసం కాదు. గుడ్లగూబలున్నాయి.

7. ఇక తోట. దాని హద్దులు: తూర్పున, ప్లాంటు గోడ. దక్షిణాన, ఒకప్పుడు నా తమ్ముడి తోట, ఇప్పుడు ఉప్పునీళ్ళ గుంట. పడమట, బస్సు రోడ్డు. ఉత్తరాన, ఒక కూరగాయల మడి, దాని అవతల పల్లంలో మిగతా కూరగాయల రైతుల మళ్ళు. ఈ హద్దుల మధ్య ఉన్న భూమి మా నాన్న పంచి ఇచ్చినది, నా ఇష్టప్రకారం ఎవరికైనా ఇచ్చుకునే హక్కు నాకున్నది.

మా నేల పల్లపు నేల. గునపం దించితే నీళ్ళు. ఎగువన ఏది పోస్తే దిగువన అది తేలుతుంది. గుంట తవ్విన మరుసటి వేసవికే నా దక్షిణపు గట్టు మీద తెల్లటి పొరలు కట్టాయి. నాలుకకి తాకిస్తే ఉప్పు. మధ్యలో నా తోట ఉండబట్టి అది ఉత్తరాన కూరగాయల మళ్ళకి మెల్లగా దిగుతోంది. వంకాయ ఆకుల అంచులు ఇప్పుడిప్పుడే మాడుతున్నాయి. ప్లాంటువాళ్ళకి రెండో యూనిట్ కట్టాలని ఉంది, దానికి రెండో గుంట కావాలి, ఆ గుంటకి నా తోట కావాలి. అది తవ్వారంటే పల్లంలో ఒక్క బావి కూడా తియ్యగా మిగలదు. ఆ బావుల నీళ్ళే వాళ్ళు తాగుతారు. ఇదీ ఆ కారు నా గేటు దగ్గర ఆగే కారణం.

సదరు తోటను సర్వహక్కులతో, ఉత్తరపు హద్దులో ఉన్న కూరగాయల మడి యజమానురాలికి రాసి ఇస్తున్నాను. ఊళ్ళో ఆమెని మిరపకాయ అంటారు. పండించేది చూసి పెట్టారో, నోరు చూసి పెట్టారో పెట్టినవాళ్ళనే అడగాలి.

ఈ పేరు చూసి నా వాళ్ళు ఉలిక్కిపడతారని తెలుసు. మా ఇద్దరికీ ఉప్పూ నిప్పూ అని ఊరందరికీ తెలుసు. నా తోట మురుగు కాలవ ఆమె మడి వారగా పోతుంది. నా మందులు, నా ఎరువులు ఆమె వంకాయల్లోకి దిగుతున్నాయని మా ఆవిడ ఉన్నప్పటినుంచీ గట్టు మీద నిలబడి అరుస్తూనే ఉంది. "నీ పువ్వులు కడిగిన నీళ్ళు నా కూరలకెందుకయ్యా? ముందు నువ్వు తాగి పంపు!" అనేది. దుప్పట్లు మొదలుపెట్టాక, "మొక్కలకి ముసుగేశావ్, సంతోషం. కాలవకి ఎప్పుడేస్తావ్?" అనేది. పోరు పడలేక కాలవకి సిమెంటు వేయించాను. "సిమెంటు బీటలిచ్చింది చూశావా?" అంది మర్నాడే.

మా ఆవిడ పోయాక నా తోటలో వినపడే మనిషి గొంతు అదొక్కటే అయింది. ఇది నేను గమనించలేదు. ఆమధ్య కూతురికి కానుపని మిరపకాయ ఊరు వెళ్ళింది. రెండు మూడు రోజులు హాయిగా ఉందనుకున్నాను. తర్వాత ప్లాంటు రొద వినపడడం మొదలైంది. గుయ్యిమని, ఆగకుండా, గోడ అవతల ఎవరో పెదాలు మూసుకుని మూలుగుతున్నట్టు. ఇన్నాళ్ళూ అది లేదా? ఉంది. పక్కన ఎవరో అరుస్తుంటే వినపడలేదు, అంతే. నాతో నేను మాట్లాడుకుంటే నా గొంతు నాకే కొత్తగా ఉంది. నీళ్ళు పెట్టడానికి పొద్దున వెళ్ళినవాణ్ణి పని లేకపోయినా సాయంత్రం దాకా ఉత్తరపు గట్టు మీదే ఉండిపోయాను. ఆమె తిరిగొచ్చిన రోజు గట్టెక్కి, నన్ను పైనుంచి కిందికి చూసి, "ఇంకా ఉన్నావా? నేను లేనప్పుడు ఎన్ని నీళ్ళు వదిలావో చెప్పు!" అంది. ఆ రోజు నేను కడుపారా అన్నం తిన్నాను.

ఇష్టంతో ఇచ్చానని ఆమె అనుకోకూడదు, అనుకుంటే తీసుకోదు. లెక్క చూసి ఇస్తున్నాను. నన్ను ప్రేమించిన వాళ్ళు ఈ తోటని అమ్ముతారు, వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి. ఈమె అమ్మదు. అమ్మితే తన బావిలోకి ఉప్పు తానే దింపుకున్నట్టు. ఈ పత్రం చదివి వినిపించగానే "చచ్చి కూడా నా నెత్తినే పెట్టాడు" అంటుంది. అన్నాక, తోటలోకి వెళ్ళి కాలవ చూస్తుంది.

చామంతే పెట్టాలని షరతు లేదు. ఇది రాయడానికి నాకు మూడు కాగితాలు చిరిగాయి. ముందు, ఒక్క మడి అయినా ఉంచాలి అని రాశాను. తర్వాత, వీలైతే ఉంచాలి అని రాశాను. రెండూ చింపేశాను. దుప్పటి పట్టడానికి ఇద్దరు కావాలి, ఆమె కూడా ఒక్కతే. వంకాయకీ మిరపకీ దీపం వెలిగితే ఏమిటి, ఆరితే ఏమిటి? ఆమె నా మొక్కలన్నీ దున్నేసి కూరలు పెట్టుకోవచ్చు. పూలు ఉండాలని ఇన్నాళ్ళు పోరాడాను. ఇప్పుడు చూస్తే ఉండాల్సింది నేల. దున్నేటప్పుడు మొక్కల్ని పీకి గట్టు మీద పారేయకుండా మట్టిలోనే కలిపితే సంతోషిస్తాను. కలపకపోయినా చేసేదేముంది.

8. తోటతో పాటు నా అభ్యంతరం కూడా ఆమెకే చెందుతుంది.

రెండో యూనిట్ గురించి ప్రజాభిప్రాయ సేకరణ అని బడి వరండాలో కుర్చీలు వేసి సభ పెట్టారు. ప్లాంటును ఆనుకుని ఉన్న భూముల వాళ్ళనే ముందు మాట్లాడమన్నారు. అమ్ముకున్నవాళ్ళకి భూమి లేదు. అమ్మకుండా మిగిలిన ఒకరిద్దరి మాటకి పాత కృతజ్ఞతల కాగితం అడ్డం పడింది. మా మేనల్లుడు కంపెనీ వరసలో కూర్చుని తన బూట్లు చూసుకుంటున్నాడు. అప్పుడు వెనక నుంచి మిరపకాయ లేచింది. తన బావి నీళ్ళు సీసాలో పట్టుకొచ్చి, "ముందు ఇవి తాగండి, తర్వాత నా అభిప్రాయం సేకరించండి" అంది. అధికారి మ్యాపు చూసి, "మీ భూమి ప్లాంటును ఆనుకుని లేదు కదమ్మా. మధ్యలో వేరేవాళ్ళ తోట ఉంది. కూర్చోండి" అన్నారు. కూర్చుంది. ఆమె ఒకరు చెబితే కూర్చోవడం నేను చూసింది అదొక్కసారే. సీసా ఒళ్ళో పెట్టుకుని, మూత బిగిస్తూ ఉండిపోయింది.

ఆ మధ్యలో ఉన్న తోట నాది. నేను లేచాను. లేచి చుట్టూ చూస్తే లేచినవాణ్ణి నేనొక్కణ్ణే. దగ్గు తెరలో సగం మాటలు పోయాయి, మిగతా సగం అభ్యంతరం కింద రాసుకున్నారు. కృతజ్ఞతల మీద నా సంతకం లేదు గనక కొట్టెయ్యడానికి వాళ్ళకి వీలు చిక్కలేదు. నీళ్ళ పరీక్ష తేలేదాకా రెండో యూనిట్ ఆపి, వానలు వెళ్ళాక మళ్ళీ సభ అన్నారు. తర్వాత నేను ఆగి అధికారిని అడిగాను, ఈలోపల నేను పోతే నా మాట ఏమవుతుందని. ఆయన మంచివాడే, కాస్త ఇబ్బంది పడ్డాడు. "మీతోనే పోతుంది పెద్దాయనా. ఆ భూమికి అప్పుడు ఎవరు యజమాని అయితే వాళ్ళు లేచి, ఇది నా అభ్యంతరం కూడా అంటే నిలబడుతుంది" అన్నాడు.

వానలు వెళ్ళాయి. సభ ఇంకా పెట్టలేదు. నా ఊపిరి సంగతి డాక్టరు గారి కాగితంలో ఉంది. అందుకే ఇంత తొందరగా, ఇంత వివరంగా రాస్తున్నాను.

సభ పెట్టిన రోజున ప్లాంటును ఆనుకుని ఉన్న భూమి యజమాని ఎవరని అడుగుతారు. ఆమె లేస్తుంది. మ్యాపు తిప్పి చూసినా, కింద మీద పెట్టి చూసినా, మధ్యలో ఇక వేరేవాళ్ళ తోట ఉండదు. కూర్చోమనడానికి ఎవరికీ హక్కు ఉండదు, అన్నా కూర్చోదు. ఆ గొంతు గట్టు మీంచి ఇన్నేళ్ళూ నేనొక్కణ్ణే విన్నాను. ఇక మీదట అందరూ వినవలసినది.

పైన రాసినదంతా నేనే రాసి, నేనే చదువుకుని, సరిగ్గా ఉందని ఒప్పుకుని సంతకం చేశాను.

తేదీ: నవంబరు పద్నాలుగు, పొద్దు ఇంకా ఉండగా.

సంతకం: చామంతి రైతు, ఉరఫ్ దుప్పటి తాత.

సాక్షులు:
1. వీధి చివరి ఆస్పత్రి డాక్టరు.
2. ఉత్తరాలు తెచ్చే పోస్టమ్మ. మా ఆవిడని ఎరిగినవారు.